కింద మేముండాం

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు తెచ్చింది ఆళ్ళగడ్డ బస్సు కండక్టరు. నంద్యాలలో మా ఆయన పనిచేసే రైసుమిల్లు ముందు బస్సు నిలిపించి, "అన్నా, టీచరమ్మ తెల్లారి పోయిందంట. ఇంట్లో చెప్పు" అని కేకేసి, రైట్ అనేశాడట. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్తే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మొన్న సోమవారమే కదా వచ్చి, నా చారులో ఉప్పెక్కువైందని నానా మాటలూ అని పోయింది! ఇంతలోనే ఏం తొందరొచ్చిందని దారి పొడుగునా బస్సులో ఆమెను తిట్టుకుంటూనే కూర్చున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. ఆళ్ళగడ్డ అవతల, పెద్ద కాలువ గట్టు పక్కనున్న మా అమ్మ పుట్టిన పల్లెలో మిషన్ బడి టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "బళ్ళో అరవై మంది ఉండారు, ఇంట్లో గూడా యాడ సాకేది?" అనేది. ఊరంతటికీ టీచరమ్మే. రెడ్డి కొడుకులూ ఆమె దగ్గరే అక్షరాలు దిద్దారు, మా చర్చివాళ్ళ పిల్లలూ అక్కడే దిద్దారు. తెల్లచీర తప్ప కట్టేది కాదు. నోరు మాత్రం మంచిది కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. పాస్టరు గారి ప్రసంగం పొడుగైతే ముందు వరసలో కూర్చుని వినపడేట్టుగా ఆవలించేది.

ఆమె అలవాట్లలో ఒకటి మా పిల్లలకు భలే నవ్వు తెప్పించేది. మంచినీళ్ళు ఇస్తే వెంటనే తాగదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూస్తుంది. తరువాత వెలుతురుకు పట్టి వంచి, పైన ఏమైనా తేలుతోందేమో చూస్తుంది. అప్పుడు గుక్క మింగుతుంది. "అవ్వా, విషం కలిపినామా?" అని మా చిన్నది అడిగితే, "నువ్వు కలపవులే పాపా. కలిపినోళ్ళెవురూ కలిపినామని చెప్పరు" అంది. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఎమర్జెన్సీ పోయిన తరువాతి సంగతి అది. ఎండాకాలం చివర, కాలువ ఎండిపోయి పడుకున్న రోజుల్లో, నంద్యాలకు ఎగువన వంతెన మీదినుంచి ఒక ట్యాంకరు లారీ కాలువలోకి పల్టీ కొట్టింది. ఏదో ఫ్యాక్టరీకి పోతున్న మడ్డినూనె. నల్లగా, పాకంలా చిక్కగా ఉంటుందే, అది. డ్రైవరు బతికాడు. నూనంతా కారి కాలువ అడుగున మడుగు కట్టింది. పట్నం జనమంతా చూడ్డానికి పోయారు, నేనూ పోయాను. గట్టు మీద అంతమంది ఉన్నా అరుపుల్లేవు. ఆ మడుగులో మబ్బులు కనిపిస్తున్నాయి, గట్టుమీది మా మొహాలు కనిపిస్తున్నాయి. గాలికి కూడా అది కదలదు. మధ్యలో ఒక కొంగ నిలబడి ఉంది. మోకాళ్ళదాకా నలుపు, పైన తెలుపు. అది బతికే ఉంది, కళ్ళు ఆర్పుతోంది, కానీ ఎగరదు. ఎవరో రాయి విసిరినా ఎగరలేదు.

మరునాడే పెద్దమ్మ మా ఇంట్లో దిగింది, చేతిలో ఊరగాయ సీసాతో. వంతెన దగ్గర దిగి ఆ నూనె అందులో ముంచి తెచ్చింది! "పద మే, ఆఫీసులకు పోదాం" అంది. ఆమె భయమేమిటో గుమ్మం దాటినంతసేపట్లో చెప్పేసింది. వాళ్ళ ఊరికి బావి నీళ్ళు ఉప్పన. కాలువకు కొత్తనీళ్ళు రాగానే తూము ఎత్తి కుంట నింపుకుంటారు, ఏడాదంతా తాగేది ఆ నీళ్ళే. అప్పటికి కుంట అడుగంటి బురద మిగిలింది. ఈ నూనె తీయకుండా కాలువకు నీళ్ళు వదిలితే ఊరికి తాగడానికి చుక్క ఉండదు.

మొదటి ఆఫీసులో లారీ సొంతదారుణ్ణి అడగమన్నారు. రెండో ఆఫీసులో వంతెన తమదే గానీ కాలువ తమది కాదన్నారు. మూడో చోట ఒక పెద్ద సారు ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ సీసా ఆయన బల్లమీద పెట్టి మూత తీసింది. ఆ వాసనకు గదిలో వాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు.

"మూత పెట్టమ్మా ముందు!" అన్నాడాయన.

"సీసాకు నేను పెడతా సార్. కాలవకు ఎవురు పెడతారు?"

ఆయన కాస్త మెత్తబడి, "టీచరుగారూ, మీరు కంగారు పడాల్సిందేమీ లేదు. నీళ్ళు వదిలితే అదే కొట్టుకుపోతుంది" అన్నాడు.

"యాడికి?"

"కిందికి."

"కింద యాడికి సార్? కింద మేముండాం."

ఆయన ఫైలు ముందుకు లాక్కున్నాడు. రేపు రమ్మన్నాడు. రేపు పోతే క్యాంపుకు పోయాడన్నారు. అట్లా తిరిగీ తిరిగీ నా చెప్పులు తెగాయి, విసుగొచ్చి, "ఎన్నిసార్లని అడుగుతావు పెద్దమ్మా, సిగ్గు లేకుండా" అన్నాను. "మనం అడగడం మానుకుంటే వాళ్ళకు పండగే. వాళ్ళకు పండగ చేసేకి నేనెందుకు?" అంది. ఆ మాట ఆమె తరువాత కూడా చాలాసార్లు అనేది, రేషను షాపు దగ్గరా, బస్టాండులోనూ.

జనానికీ కడుపు మండింది. ఆఫీసు ముందు మూడు నాలుగు ఊళ్ళవాళ్ళు బైఠాయించారు, కేకలు వేశారు, గేటు ఊపారు. కానీ అప్పటికి నార్లు పోసుకునే అదను వచ్చేసింది. ఒక పొద్దున బంట్రోతు బయటికొచ్చి, కాలువకు నీళ్ళు వదిలే ఆర్డరు వచ్చిందని చెప్పాడు. అంతసేపూ గొంతులు చించుకున్న ఎగువ రైతులు ఆ మాట వినగానే తువ్వాళ్ళు దులుపుకుని లేచి నార్లు పోసుకోవడానికి పోయారు. మెట్ల మీద పెద్దమ్మా, నేనూ, ఊరగాయ సీసా మిగిలాం. అంత కోపం ఒక్క నిమిషంలో ఎట్లా చల్లారిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళనని ఏం లాభం, నీళ్ళు లేకుంటే వాళ్ళు మాత్రం ఎట్లా బతుకుతారు?

ఆమెతోపాటు నేనూ పల్లెకు పోయాను. ఆ సీమలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్తనీళ్ళు వచ్చేటప్పుడు ప్రతి ఊరివాళ్ళూ గట్టు మీద తప్పెట కొడతారు. ఆ మోత వింటే కింది ఊరికి నీళ్ళొస్తున్నాయని తెలుస్తుంది. వాళ్ళు తూము ఎత్తి, ఎత్తామని బదులు తప్పెట కొడతారు. అట్లా మోత నీళ్ళకంటే ముందు ఊరూరా నడిచిపోతుంది. మా ఊళ్ళో కొట్టేవాళ్ళు మా చర్చివాళ్ళే. పొద్దు వాలే వేళకు వాళ్ళు ఎగువ మలుపు దగ్గర నిలబడ్డారు. ఊరంతా తూము దగ్గర ఉంది, ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో, మా వాళ్ళు పాటల పుస్తకాలతో.

మామూలుగా కొత్తనీళ్ళకు చప్పుడుంటుంది. ఆకూ అలమూ దొర్లించుకుంటూ, బుసలు కొడుతూ వస్తాయి, వెంట కొంగలు వస్తాయి, కప్పలు లేస్తాయి. ఆరోజు తప్పెట మోగింది, నీళ్ళు మాత్రం మోగలేదు. మలుపు దగ్గర కాలువ అడుగు నల్లబడింది, ఆ నలుపు మా వైపు జరుగుతూ వచ్చింది. ఒక్క పక్షి లేదు. ఎండుటాకులు దానిమీద ఎక్కి, తిరగకుండా, ఉన్నవి ఉన్నట్టే కూర్చుని మా ముందునుంచి వెళ్ళిపోయాయి. పడమటి వెలుగు పడినచోట ఊదా, ఆకుపచ్చ రంగులు తిరుగుతున్నాయి. ఎవరో చంటిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

"ఎత్తండప్పా తలుపు! చూస్తా నిలబడినారేందీ?" అని రెడ్డి అరిచాడు.

పెద్దమ్మ తూము రాతి మీద ఎక్కి నిలబడింది. "ఎత్తొద్దు. ఈ నీళ్ళు పోనీ. వెనకొచ్చేవి చూసి ఎత్తుదాం."

"వెనకొచ్చేది ఎవురు చూసినారు టీచరమ్మా? పైనోళ్ళు కట్టేసుకుంటే మన గతేంది? కుంటలో బురద తాగుతావా?"

పెద్దమ్మ వంగి తన చీర కొంగు కాలువలో ముంచి తీసి, రెడ్డి ముందు పట్టింది. తెల్లకొంగు నల్లగా, జిగటగా వేలాడుతోంది. "పిండి తాగు" అంది.

రెడ్డి కొంగు వైపు చూశాడు, కాలువ వైపు చూశాడు. తలుపు ఎత్తలేదు. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది. ఊరి కుంట దక్కిందని నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడు, దూరంగా, కిందివైపునుంచి తప్పెట వినిపించింది.

బదులు తప్పెట. వాళ్ళు తూము ఎత్తారు.

మా తప్పెట ఇంకా మోగుతూనే ఉంది. మలుపు దగ్గరున్నవాళ్ళకు ఇక్కడ జరిగింది తెలియదు. ఏటా కొట్టినట్టే సంతోషంగా కొడుతున్నారు. ఆపమని ఒక్కరికీ తోచలేదు. తప్పెట నీళ్ళొచ్చాయని చెప్పగలదు గానీ ఎట్లాంటి నీళ్ళో చెప్పలేదు కదా! "ఆపండ్రా!" అని పెద్దమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఆ నల్లకొంగు అట్లాగే వేలాడుతుండగా గట్టు పట్టుకుని పరుగెత్తింది. నేను వెనకాల పరుగెత్తాను. పక్కనే కాలువ మాతోపాటు చప్పుడు లేకుండా వస్తోంది. మేము ఎంత పరుగెత్తినా అది పక్కనే ఉంది.

మేము పోయేసరికి కింది ఊరి కుంట సగం నిండింది. ఆడవాళ్ళు దీపాలు పట్టుకుని గట్టున నిలబడి ఉన్నారు. దీపాల నీడలు నీళ్ళలో నిటారుగా పడకుండా రంగుల ముద్దల్లాగా కరిగిపోతున్నాయి. ఒకామె అప్పటికే దోసిలి పట్టి నోట్లో పోసుకుని, ఉమ్మేస్తూ కూర్చుని ఉంది. ఒక మనిషి పెద్దమ్మ కొంగు చూసి అడిగాడు.

"మీ తలుపు మూసుకొని, మాకు తప్పెట కొడతారా టీచరమ్మా?"

"అవును నాయనా" అంది ఆమె. తెలియలేదనీ, తను కొట్టలేదనీ అనలేదు.

తరువాత ఆఫీసువాళ్ళు జీపులో వచ్చారు. కుంటలో తెల్లపొడి చల్లారు, వరిగడ్డి మోపులు వేయించారు, తీయించడం మరిచిపోయారు. కింది ఊరివాళ్ళు ఆళ్ళగడ్డ రోడ్డు మీద బస్సులాపి కూర్చుంటే, అంతా కొట్టుకుపోయిందని, నీళ్ళు బాగున్నాయని చెప్పారు. బాగుంటే ఒక గ్లాసు తాగి చూపమన్నారు జనం. జీపు తిరిగి పోయింది. ఆ ఏడు ఆ ఊళ్ళో కప్పలు అరవలేదు. గొడ్లు కుంటదాకా వచ్చి, మూతి వంచి, వెనక్కి నడిచేవి.

మా కుంటకు పదిహేను రోజుల తరువాత తేట నీళ్ళొచ్చాయి. అందరి దాహమూ తీరింది. పెద్దమ్మ మాత్రం మరునాటినుంచీ బడికి పోయేముందు కుంటగట్టు మీద నిలబడడం మొదలుపెట్టింది. కింది ఊరి ఆడవాళ్ళు బిందెలతో నడిచొస్తే దగ్గరుండి నింపించేది. "మన నీళ్ళు మనకే చాలవు, ఊరు ఊరంతా వస్తాండారు" అని రెడ్డి గొణిగితే, "ఆ పొద్దు మన తలుపు మూసుకోని వాళ్ళకు తప్పెట కొట్టినాం గదా, ఇప్పుడు వాళ్ళ వంతూ నువ్వే తాగుతాండావు. ఊరుకో" అనేది. రెడ్డి ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన తరువాత తరువాత బండి కట్టించి పీపాలతో నీళ్ళు పంపాడు. కొన్నేళ్ళకు కింది ఊరికి బోరు పడింది, బిందెల నడక ఆగింది. అందరం ఆ సంగతి మరిచిపోయాం.

ఆమె మరవలేదని నాకు తెలిసింది మొన్న, సమాధి చేసిన మూడోరోజు. ప్రార్థన అయిపోయి జనం కదులుతుంటే ఒక ముసలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆరోజు దోసిలితో తాగిన మనిషి ఆమేనట. "మా కుంట చూద్దువు రా అమ్మా" అంది. పట్టిన చెయ్యి వదలకుండా నడిపించుకుపోయింది.

కుంట చుట్టూ తుమ్మచెట్లు పెరిగాయి. నీళ్ళు తేటగా, చక్కగా ఉన్నాయి. ఇక్కడ ఏం చూడాలో నాకు అర్థం కాలేదు. ముసలామె ఒక పొడుగాటి కట్టె తీసుకుంది.

"మీ పెద్దమ్మ యేటా వస్తాండె. కొత్తనీళ్ళొచ్చే ముందు, ఒక్కతే. ఈడ కూచోని, కట్టెతో అడుగు గుచ్చి చూస్తాండె. 'ఇంకా ఉండాది' అని లేచి పోతాండె. నంద్యాల ఆఫీసుకు పోయి చెప్పొస్తాండె గూడా. వాళ్ళు ఇనేవాళ్ళో, ల్యాదో."

అంటే మొన్న సోమవారం నా చారుకు వంకలు పెట్టి పోయింది, ఆఫీసుకు పోయే దారిలో! నాతో ఒక్క మాట అనలేదు. ఆ రోజుల్లో విసుక్కున్నదాన్ని కదా, ఇక నన్ను పిలవలేదు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేనంతగా వచ్చింది.

"ఈ యేడు పోయిన వారమే వచ్చి పాయె. వచ్చే యేడు ఎవురు వస్తారు?" అంది ముసలామె.

"నేనొస్తా" అన్నాను.

ఆమె కట్టె నాకిచ్చింది. నేను నీళ్ళలోకి దించి అడుగున గుచ్చాను. కాసేపు ఏమీ లేదు. ఆ తరువాత ఒక నల్లటి బొట్టు, రేగుపండంత, నిదానంగా పైకి వచ్చింది. పైకి రాగానే విచ్చుకుని, ఊదా, ఆకుపచ్చ రంగులై చాపంత పరుచుకుంది. ఎక్కడినుంచో ఒక తూనీగ వచ్చి ఆ రంగుల మీద వాలబోయింది. నేను చెయ్యి విసిరి తోలాను.

అది మళ్ళీ వచ్చింది.