ఎండబెట్టిన సెల్స్ మీద నడిచిన పాట

మా అల్లుడు ఈమధ్య రాజమండ్రిలో మా ఇంటికి ఒక రికార్డు ప్లేయరు మోసుకొచ్చాడు. ఫోనులో లోకంలోని పాటలన్నీ ఉండగా ఈ పళ్ళెం తిప్పుకోవడం ఏంటి నాయనా అంటే, "మళ్ళీ ఇదే ఫ్యాషనండి అత్తయ్యగారూ" అన్నాడు. ఫ్యాషన్లకేం, మనం పారేసేదాకా ఆగి అప్పుడు తిరిగొస్తాయి. అదృష్టం కొద్దీ నేను ఒకటి పారేయలేదు. బీరువా అడుగున, పట్టుచీరల కింద, మా పెదనాన్న రికార్డు ఉంది. దాని అట్టని చెదలు ఎప్పుడో తినేశాయి. మధ్యనున్న గుండ్రటి కాగితం మీద అక్షరాలు నా చిన్నప్పటికే అరిగిపోయాయి. అయినా ఆ పాట నాకు కంఠతా వచ్చు. భక్తిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అతను ముల్లు పెట్టాడు.

అమ్మో! పాట లేచి పరిగెత్తింది. ఒక వరుస బాకాలు ఏదో అంటే ఇంకో వరుస బాకాలు అందుకుని ఎదురు చెబుతున్నాయి. మధ్యలో క్లారినెట్టు ఒకటి ఎవరి మాటా వినకుండా గోడెక్కి నవ్వుతోంది. వెనకాల డ్రమ్ములు పదండి పదండి అని అందరినీ తోస్తున్నాయి. "బాబూ, మీ మిషను తొందరపడుతోంది, కాస్త చూడండి" అన్నాను. "లేదండి, దీని స్పీడు ఇదేనండి. ఇది జాజ్. ఇంతమంది కలిసి వాయిస్తుంటే జనం డ్యాన్సులు చేసేవారంట" అన్నాడు.  ఆ పాట మీదే నిడదవోలులో మా వాళ్ళందరినీ సమాధుల తోటకి సాగనంపాం.

మా పెదనాన్న బ్యాండు మాస్టారు. పెళ్ళిళ్ళకి ఎర్రకోటు వేసుకుని, భుజాల మీద జరీ కుచ్చులతో, క్లారినెట్టు పట్టుకుని ముందు నడుస్తుంటే పెళ్ళికొడుకుని ఎవరూ చూసేవారు కాదు. క్రైస్తవ మిషను ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ, మా చర్చిలో ఈయన వాయించిన కీర్తనలకి మురిసిపోయి, సెల్స్‌తో నడిచే చిన్న రికార్డు ప్లేయరూ ఈ ఒక్క రికార్డూ ఇచ్చి వెళ్ళింది. ఇంకో రికార్డు మా ఉమ్మడి ఇంటి గడప తొక్కలేదు. ఇక సెల్స్ సంగతి మా పెద్దమ్మ చేతిలో ఉండేది. ఆవిడ లెక్కలో కొత్త సెల్స్ టార్చిలైటుకే. చేలగట్ల మీద పాములు తిరిగే రోజుల్లో పాటకి కొత్త సెల్స్ వేసే ఇల్లు బాగుపడదని ఆవిడ సిద్ధాంతం. టార్చి గుడ్డిదయ్యాక వాటిని తీసి, డాబా మీద గుమ్మడి వడియాల పక్కన ఎండబెట్టేది. ఎండ తిన్న సెల్‌కి కాస్త ప్రాణం వస్తుంది, మీకూ తెలుసు. ఆ కాస్త ప్రాణమే పాటకి దక్కేది.

అందుకని మా ఇంట్లో ఆ పాట పరిగెత్తలేదు, తేలింది. సాయంత్రం కాలవ మీద నుంచి చల్లగాలి వచ్చేవేళ పెదనాన్న అరుగు మీద దాన్ని పెట్టేవాడు. రైసు మిల్లు వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చేది. బాకాలన్నీ నీళ్ళ అడుగునుంచి పిలుస్తున్నట్టు, ఎవరికీ ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేనట్టు, బరువుగా, తియ్యగా మోగేవి. ఒక వరుస పిలిచాక రెండో వరుస పలకడానికి ఎంతసేపు పట్టేదంటే, ఆ మధ్యలో నాకు కునుకు పట్టేది. పాట చివర సెల్స్ నీరసించి స్వరం కిందికి జారిపోయేది. పెదనాన్న అది కూడా పాటలో భాగమే అనుకుని బ్యాండు మొత్తానికి నేర్పాడు. పాపం, అందరూ ఒక్కసారే ఊపిరి వదిలినట్టు జారడానికి వాళ్ళు ఎన్ని తిప్పలు పడ్డారో!

మా సంఘపెద్ద ఒకాయన పోయినప్పుడు మొదటిసారి దాన్ని దారిలో వాయించారు. పెట్టె మోసేవాళ్ళ అడుగుకి అచ్చంగా సరిపోయింది. చివర స్వరం జారినప్పుడల్లా ఆడవాళ్ళు బావురుమన్నారు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, "మాస్టారూ, ఇది ఏ కీర్తనండీ?" అని అడిగితే, "దొరల కీర్తనండి అయ్యగారూ" అన్నాడట పెదనాన్న. ఇంకేముంది, అప్పటినుంచి మా వాళ్ళలో ఎవరు పోయినా అదే. చివరికి ఆయన పోయినప్పుడు ఆయన బ్యాండే ముందు నడిచి ఆయనకీ అదే వాయించింది. పెద్దమ్మ ఆ పాట వెనకే, నా భుజం పట్టుకుని, తోట దాకా నడిచింది.

ఇప్పుడు ఆవిడకి తొంభై దాటాయి. మంచం దిగట్లేదు. వెళ్ళినప్పుడల్లా నా చేత ఒకే మాట ఇప్పించుకుంటుంది. తననీ ఆ పాట మీదే తీసుకెళ్ళాలి. ఆయన్ని పంపిన పాట డ్యాన్సు పాటని తెలిస్తే ఈ వయసులో ఆవిడ ఏమైపోతుంది? చెప్పకుండా ఉందామంటే, ఆవిడ ముందు అబద్ధం చెప్పి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. అల్లుడి చేత పాటని ఫోనులోకి ఎక్కించుకుని, చెప్పాలో వద్దో తేల్చుకోకుండానే నిడదవోలు రైలెక్కాను. గోదావరి మీద వంతెన వచ్చేసరికి నీళ్ళ మీద ఎండ మెరుస్తోంది. రైలు చప్పుడులో కూడా నాకు ఆ నెమ్మది పాటే వినిపించింది.

ఆవిడ నా మొహం చూసి, "ఏంటే, ఏదో దాస్తున్నావ్?" అంది. అంతే, చెప్పేశాను. ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టాను. పాట అయ్యేదాకా కళ్ళు తెరవలేదు.  అప్పుడు చూశాను, దుప్పటి కింద ఆవిడ కాలి వేళ్ళు కదులుతున్నాయి.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇది నడిచే పాట కాదే, గెంతే పాట!" అని, కాసేపటికి మెల్లగా, "నా సెల్స్ వల్లేనంటావా?" అని అడిగింది. అవునన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. పళ్ళు లేని నోటితో దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఎంతమందిని నెమ్మదిగా నడిపించానే! ఆయన కూడా నిదానంగానే వెళ్ళాడు. ఇంకాస్త సేపు ఆయన వెంట నడవడం నాకు మిగిలింది."

నాకు ఏడుపు ఆగలేదు. "మరి నీకు ఏది వాయించమంటావ్ పెద్దమ్మా?" అన్నాను.

"వెళ్ళేటప్పుడు మనదే. చివర జారడం మర్చిపోకూడదు. తిరిగొచ్చేటప్పుడు ఇది వాయించమను. నేనంటే పడుకుంటాను గానీ, మీకు ఇంటి దగ్గర బోలెడు పనులుంటాయి కదే."

పాత బ్యాండులో మిగిలిన క్లారినెట్టు ఆయన ఇప్పుడు ఆవిడ వాకిట్లోనే ఈ కొత్త వేగం సాధన చేస్తున్నాడు. తప్పు పోయినప్పుడల్లా లోపలి నుంచి ఆవిడ కేకేస్తోందట. కాలానికి అసలు స్పీడు ఏదో నాకు ఈ వయసులోనూ తెలియదు. మా వీధిలో మాత్రం చాలా ఏళ్ళు అది పెద్దమ్మ ఎండబెట్టిన సెల్స్ మీదే నడిచింది.