డోర్ అట్ట ఊడదీస్తే

నిన్న సూర్యాపేటల మా మనుమని కారు అద్దం దిగకపోతే మెకానిక్ డోర్ లోపలి అట్ట ఊడదీసిండు. ఆ దుమ్ము వాసనకు, నా చిన్నప్పుడు మిర్యాలగూడల మా రైసుమిల్లు ముంగట ఉండే పాత అంబాసిడర్ యాదికొచ్చింది.

మీరు గూడ అద్దం పక్క సందుల చింతగింజలు జారవిడిచి, లోపల టక్కుమంటే నవ్వేటోళ్లు కదా? నేనైతే ఒకనాడు నాయనమ్మ సంచిలకెళ్లి బంగారు కమ్మ తీసి అండ్ల ఏసిన. దాని సప్పుడు ఎట్లుంటదో ఇందామని.

కమ్మ కనబడకపోయేసరికి నాయనమ్మ మా కారు డ్రైవర్ సైదులు మామను అనుమానించింది. "నువ్వు తియ్యకుంటే ఈ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి" అన్నది.

మామ నా దిక్కు సూసిండు. "నేను తియ్యలేదమ్మా. గని పసిపిల్ల మీద ఒట్టు మాత్రం పెట్టను" అన్నడు.

ఒట్టెయ్యలేదంటే దొంగనే అన్నరు. ఆ పూటనే పనిల నుంచి తీసేసిన్రు. నేను నాయనమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డ.

ఎండాకాలంల అద్దం ఇరుక్కుంటే ఆ డోర్ అట్ట ఊడదీసిన్రు. చింతగింజలతోని కమ్మ గూడ రాలింది. "ఎప్పుడో జారి పడ్డట్టున్నది" అన్నది నాయనమ్మ. మామకు ఎవ్వరూ కబురు పంపలే.

నాయనమ్మ మాటకు ఔనన్నట్టు నేను గూడ తలకాయ ఊపిన. మామ చెయ్యి పెట్టనన్నది ఈ తలకాయ మీదనే.