మునెప్ప గోడ, నా దీపాలు

ముప్పై ఏళ్ళు వెలుతురు పనే చేసి, ఒక మంచి గోడను నా చేతులతోనే చెడ్డగోడగా చూపించిన ఘనుణ్ణి నేను. అప్పటికి రిటైర్మెంటు రెండేళ్ళ దూరంలో ఉంది. ప్రభుత్వ భవనాల విద్యుత్ విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా తిరుపతి నుంచి చిత్తూరుకు బదిలీ మీద వచ్చాను. చేరిన వారానికే, నూరేళ్ళు దాటిన ఒక సభాభవనానికి కొత్త దీపాలు అమర్చే పని అప్పగించారు. గోడకు మేకు దిగకూడదు, వైరు కనబడకూడదు, వేడి తగలకూడదు. ఆ షరతులు చదివి ఎగిరి గంతేయాలనిపించింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు.

ఆ గోడలది సున్నపు గచ్చు. సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి రుబ్బి, పూసి, నున్నటి రాయితో రుద్ది మెరుపు తెస్తారు. పలమనేరు నుంచి వచ్చిన మునెప్ప మేస్త్రీ, పెచ్చులూడిన చోటల్లా అదే పద్ధతిలో పూసి, నాలుగు నెలల పని అప్పటికే ముగించాడు.

నేను గోడ పొడవునా, జానెడు దూరంలో, నేల మీద దీపాలు వరసగా పెట్టి వెలుగు పైకి తిప్పాను. మేకు లేదు, వైరు లేదు. వెలుతురు కొలిచే లక్స్ మీటరు ఎంత చూపాలో అంతే చూపింది. లెక్క కుదిరింది, లెక్క వేసినవాడికే బుద్ధి కుదరలేదు.

ట్రయల్ రోజు, శుక్రవారం మధ్యాహ్నం, కిటికీలకు నల్లగుడ్డ కట్టించి స్విచ్ వేశాను. గోడంతా స్ఫోటకపు మచ్చలు! చెయ్యి తిరిగిన ప్రతిచోటా ఒక మిట్ట, దాని పైన బారెడు నీడ. నా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్.ఇ.) గారు, మునెప్ప వైపు తిరిగి, “ఏమప్పా, దీనికా నాలుగు నెలలు?” అన్నారు. సోమవారం నుంచి గచ్చంతా కొట్టేసి సిమెంటు పూయమని అక్కడే నోటు రాయించారు. లోపం బయటపెట్టానని నా భుజం తట్టారు. తట్టించుకున్నాను.

ఆయన కారు వెళ్ళాక, మునెప్ప గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. గోడ బాగాలేదా అని నేనే అమాయకంగా అడిగాను.

“గోడకేం సార్, బాగుండాది. రాయి పట్టేటప్పుడు మేమూ దీపం అట్లే పక్కన పెట్టుకుంటాం, యాడ మిట్టో, యాడ గుంటో తెలియాలని. పనయినాక తీసేస్తాం. మీరు పనయినాక తెచ్చి పెట్టినారు.”

చేత్తో పూసిన ఏ గోడా ఆ పరీక్షకు నిలవదు. తప్పు నా దీపానిది, దెబ్బ నూరేళ్ళ గోడకు, మునెప్ప పేరుకు. మధ్యలో రెండే రోజులు.

ఆ రెండు రోజులంత హుషారుగా నేను నా పెళ్ళిలో కూడా తిరగలేదు. మునెప్ప పూతపనికి వాడిన సారువ కర్రలు మళ్ళీ కట్టి, వాటి మీదికెక్కి, పైన ఉన్న పాత ఇనుప దూలాలకు క్లాంపులు బిగించి, పసుపు ఛాయ దీపాల ముఖాలు కప్పు వైపు తిప్పాం. కప్పుకు తగిలిన వెలుగు మెత్తగా గోడ మీదికి దిగాలని ఉపాయం. కిందికి దిగి మునెప్ప ఒక్కో దీపం దగ్గరా కన్ను చికిలించి, “ఆ కొస వెలుగు ఇంకా గోడను గిల్లుతాండాది సార్, రవంత పైకి” అనేవాడు. మీటరును జేబులో పెట్టేశాను. ఆదివారం సాయంత్రం అన్నీ ఒక్కసారి వెలిగించాం. గోడ మీగడ కట్టినట్టు నిలిచింది. మునెప్ప తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

సోమవారం ఉలులు, సుత్తులతో కూలీలు సిద్ధంగా ఉన్నారు. తప్పు నాదని ఎస్.ఇ. గారితో చెప్పి స్విచ్ వేశాను. ఆయన చాలాసేపు చూసి నోటు చింపేశారు. ప్రారంభోత్సవం నాటికి మాత్రం కప్పు మీదికి వెలుగు తిప్పాలన్న ఆలోచన ఆయనదైపోయింది. వేదిక మీద ఆయనే చెప్పారు. వెనక వరసలో మునెప్ప, నేను చప్పట్లు కొట్టాం.

పని ముగిశాక నివేదిక రాసేది నేనే. అందులో ఇలా రాశాను: “దీపాల స్థానం నిర్ణయించినవారు మునెప్ప, గచ్చు మేస్త్రీ, పలమనేరు. పాతగోడకు దీపం బిగించే ముందు, ఆ గోడ పూసినవాణ్ణి పిలిచి చూపించాలి.” నా సర్వీసులో నేర్చుకున్నదాన్ని ఇంతకన్నా బాగా చెప్పలేను. ఎస్.ఇ. గారు నివేదికలు చదవరు, ప్రతి పేజీ అడుగున సంతకం మాత్రం తప్పకుండా పెడతారు. ఆ పేజీ జిరాక్స్ తీసి మునెప్పకు చదివి వినిపించాను.

“పైన నా పేరు, కింద ఆ సారు సంతకమా?” అన్నాడు. అవునన్నాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.