పెన్న ఒడ్డున ఢీకొన్న రెండు తెప్పలు

పోయినవి ముందు చెబుతాను. ఒక తెప్ప. రెండు గడలు. నీళ్ళపాలైన జొన్నలు పన్నెండు తూములు. అది ధాత సంవత్సరపు పెద్ద కరువు తోక ఇంకా విడవని కాలం. పన్నెండు తూములంటే ఒక ఇంటి ప్రాణాలు.

పెన్నకు అవతల జొన్నలు కొని, ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి చేర్చుకోవాలని మేం కొందరం కలిసి బయలుదేరాం. పడవవాళ్ళు కరువుకు ఊరు విడిచిపోయారు. ఎండు మొద్దులతో తెప్పలు మేమే కట్టుకున్నాం. తూకం వేయించింది నేనే గనుక ఏ తెప్ప మీద ఎంత బరువుందో నాకు తెలుసు. ఢీకొన్నవాటిలో ఒకటి వరికుంటపాడు రైతుది, ఇంకొకటి మా అక్క భర్తది. రెండూ సమానం.

ఒడ్డు దగ్గరపడేటప్పుడు తెప్ప వెనక తాడు కట్టిన రాయిని నీళ్ళలో జారవిడవాలి. రాయి అడుగున ఈడ్చుకుంటూ వస్తే తెప్ప మనిషి నడకకు మించి రాదు.

రైతు తెప్ప ముందే వచ్చి ఒడ్డు పక్క నిలకడ నీటిలో ఆగి ఉంది. గుంజకు ఇంకా కట్టలేదు, గోతాలూ దించలేదు. మేమంతా నదికి వీపు పెట్టి, అంతకు ముందు చేరిన తెప్పల గోతాలు మోస్తున్నాం. దభీమని చప్పుడైంది. తిరిగి చూస్తే బావ తెప్ప మొద్దులు రైతు తెప్పలోకి దూరి, రెండూ ఒక్కటై కదులుతున్నాయి. మనిషి నడిచినంత నెమ్మదిగా పోయి బండకు తగిలాయి. రైతు తెప్ప విచ్చిపోయింది. ఆయన గోతాలు మునిగాయి. బావవి నిలిచాయి.

మాలో పెద్దాయన తీర్పు చెప్పబోయాడు. "అందరం చూసినాం గదా! నడిచినట్టే పోయినాయి. అంటే నడిచినట్టే వచ్చినాడు. రాయి వేసే ఉంటాడు. తెప్పను గుంజకు కట్టనోడిదే తప్పు."

"అవి ఊరోళ్ళ జొన్నలు సామీ," అన్నాడు రైతు. "ఉత్త చేతుల్తో ఎట్ట పోయేది?"

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏంరా లెక్కలోడా, నోట్లో జొన్నలు పోసుకున్నావా? నువ్వేమంటావు?"

బావ నన్నే చూస్తున్నాడు. అక్క పిల్లలు నలుగురూ కళ్ళ ముందు మెదిలారు.

తీరిక దొరికినప్పుడు నేను సమానమైన రెండు తడి మట్టి ముద్దలను దారాలకు వేలాడదీసి, ఒకదాన్ని లాగి వదిలి రెండోదానికి తగలనిచ్చేవాణ్ణి. అంటుకుని రెండూ కలిసి సగం వేగంతో సాగేవి. ఊపు ఎక్కడికీ పోదు. మోయవలసిన బరువు రెట్టింపైంది గనుక వేగం సగమవుతుంది. ముద్దలు చదునుగా అణగడానికి ఖర్చైనది వేరే ఏదో. దాని లెక్క నాకు ఈనాటికీ అందలేదు.

అదే చెప్పాను. "నిలబడిన తెప్పను కూడా తోసుకొని పోయినాది. రెండు తెప్పల బరువుకు నడక మిగిలిందంటే, ఒంటిగా వచ్చినప్పుడు దానికి రెట్టింపు. పరుగే. రాయి వేసుంటే పరుగు రాదు."

"తెప్పలేమన్నా మట్టి ముద్దలా ఏంది?" అని, నా ముద్దల ఆట ఎరిగిన పెద్దాయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

బావ తలవంచాడు. "మబ్బు పట్టినాది. జొన్నలు తడుస్తాయని రాయి వెయ్యలా."

బావ గోతాల నుంచి పన్నెండు తూములు కొలిచి రైతుకు ఇచ్చారు. ఉదయగిరి దాకా బావ నాకు ముందు నడిచాడు. తన ఇంటి ముందు ఆగి, "మీ అక్కకు నువ్వే చెప్పు," అన్నాడు.

అక్క అంతా విన్నది. "లెక్క బాగనే చెప్పినావు. పిల్లోళ్ళకు ఏం పెట్టాలో అది గూడా చెప్పు."

ఆ పన్నెండు తూములూ నేనిస్తానన్నాను. నా ఇంట్లో అప్పుడు గంజికి కూడా కరువే. దొరికినప్పుడల్లా కుంచమో, అరకుంచమో మోసుకుపోయేవాణ్ణి. వాకిట్లో అడుగుపెట్టే ముందు పిల్లలను నలుగురి దాకా లెక్కపెట్టుకునేవాణ్ణి. నలుగురూ బతికారు.

వానలు కుదిరి పంటలు పండాక పది తూములు తీర్చాను. మిగిలినవి తీసుకుపోతే బావ వాకిట్లోనే ఆపేశాడు.

"వెనక్కి మొయ్‌రా. ఇవి గూడా తీరితే, నా మీద ఇంకో లెక్క చెప్పేదానికి నీకు ధైర్యం వస్తాది."

నవ్వుతూ అన్నాడో, మనసులో పెట్టుకునే అన్నాడో నాకు తెలియలేదు. అడగడానికీ భయమే. ప్రతి కోతకూ తీసుకుపోతూనే ఉన్నాను, ఆయన తిప్పి పంపుతూనే ఉన్నాడు. ఇవాళ్టికీ నేను అక్క ఇంటికి బాకీ రెండు తూములు.