వసంత అడిగే మొదటి ప్రశ్న

మా అమ్మ మీద ఒట్టేసి చెప్తున్నాను, ఇది నాకు జరిగింది. నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి. మధ్యలో మాత్రం ఆపకండి... ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఒక చిన్న లోకల్ ఛానల్లో రిపోర్టర్ని. పుట్టింది, పెరిగింది కార్వాన్‌లో. పాతబస్తీలో ఏ గల్లీ ఎక్కడ తేలుతుందో కళ్లు మూసుకుని చెప్తాను. కానీ వారం వారం వచ్చే ఆరోగ్యం ప్రోగ్రాం ఎవరికిచ్చారు? వసంతకి. గుంటూరు నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడిన ఉద్యోగస్థుల అమ్మాయికి.

నాకు కడుపు మండేది. ఆదివారం వస్తే చాలు, ఆమె డాక్టర్లను బతిమాలి తీసుకొచ్చి బస్తీల్లో ఉచితంగా బీపీ, షుగర్ చూపించేది. అప్పుడు కెమెరా కూడా ఉండేది కాదు. కెమెరా లేకుండా ఎందుకు వెళ్తుందో నాకు అంతుపట్టేది కాదు. ఇంకా మండే విషయం చెప్పనా? ఉప్పు తగ్గించమని మా అమ్మకి నేను ఏళ్ల తరబడి చెప్పాను. వినలేదు. ఒకరోజు చప్పటి పప్పు వడ్డించి, "వసంతమ్మ జెప్పింది బిడ్డా, ఉప్పు తక్కువ తినాల్నట" అంది. నేను లేచి ఉప్పు డబ్బా తెచ్చుకున్నాను.

వసంతకో అలవాటుండేది. మైకు పనిచేస్తోందో లేదో చూడాలంటే మేమందరం "హలో, వన్ టూ త్రీ" చెప్పిస్తాం. ఆమె అలా కాదు. ఎదుటి మనిషి కొంగుకి చిన్న మైకు తగిలించి, గోరుతో రెండుసార్లు తడుతుంది. టక్... టక్. తర్వాత మెల్లగా, "ఇవాళ ఏం తిన్నారండీ?" అంటుంది. వాళ్లు జవాబు చెప్తుండగానే శబ్దం సరిచూసుకోవడం అయిపోతుంది. ఆ రోజు ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కూడా తెలిసిపోతుంది. అదంతా వట్టి నాటకమని నేను ఆఫీసంతా చెప్పేవాడిని.

ఒక వానాకాలం ఆమె గొంతుకి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు మాట్లాడకూడదన్నారు. మా ఇన్‌చార్జ్ నన్ను పిలిచి, "ఈ వారం నువ్వు జేసి చూపియ్యి. మంచిగొస్తే ప్రోగ్రాం నీదే" అన్నాడు. దాచడమెందుకు, ఎగిరి గంతేశాను.

వినాయక చవితి దగ్గరపడింది. ధూల్‌పేట్‌లో విగ్రహాలకు రంగులేసేవాళ్ల దగ్గు మీద కథనం అనుకున్నాను. పగలు వాళ్లకి పనితో తీరిక ఉండదు, రాత్రి రమ్మన్నారు. వెళ్లింది నేను, కెమెరామన్ యూసుఫ్ భాయ్, ఇద్దరమే. శబ్దం చూసుకునే పని నాది. కాబట్టి హెడ్‌ఫోన్స్ నా చెవులకే ఉన్నాయి. ఇది గుర్తుంచుకోండి.

షెడ్డులో ఒకటే బల్బు. చుట్టూ ఇంకా కళ్లు దిద్దని వినాయకులు. మధ్యలో పీట మీద లక్ష్మీబాయి అనే ముసలామె, చేతులకు ఆరని పసుపు రంగుతో. మిగతావాళ్లు చాయ్‌కి పోయారు. మైకు ఆమె కొంగుకి తగిలించి, కెమెరా పక్కకొచ్చి కూర్చున్నాను. నేరుగా దగ్గు గురించే అడుగుదామని నోరు తెరిచాను...

టక్.

లక్ష్మీబాయి చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను.

టక్.

గోరు శబ్దం... తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్నారు. పిల్లికూతలు పెట్టే ముసలామె ఊపిరి కాదు. పల్చటి ఊపిరి. ఇంకా దగ్గరగా... చెవిలోనే...

"ఇవాళ ఏం తిన్నారండీ?"

హెడ్‌ఫోన్స్ చెవులకి ఇంకా గట్టిగా అదుముకున్నాను. అయినా నా భ్రమ అని సర్దుకునేవాడినే. కానీ అప్పుడే లక్ష్మీబాయి తలెత్తింది. నన్ను చూడలేదు. నా భుజం పక్కన... ఎవరూ లేని చోటు చూసింది.

"ఏం దినలేదమ్మా. పొద్దటిసంది చాయే. రంగు వాసనకు బువ్వ లోపలికి పోతలేదు. నువ్వొక్కదానివే అడుగుతవ్" అని కళ్లు తుడుచుకుంది.

యూసుఫ్ భాయ్ కెమెరా నుంచి కన్ను తీయకుండా, "నువ్వేం అడగకముందే గీమె ఎవరికి జవాబిస్తున్నది, శీను భాయ్?" అన్నాడు గుసగుసగా. ఆయనకు ఇంకే గొంతూ వినపడలేదట.

ఆఫీసుకొచ్చి టేపు వేశాం. ప్రశ్న లేదు. టక్ లేదు. జవాబు మాత్రం ఉంది. ఇన్‌చార్జ్ అక్కడే ఆపి, "గిదిరా ఇంటర్వ్యూ అంటే. ఏం అడిగినవ్‌రా?" అన్నాడు. ప్రోగ్రాం నాకిచ్చేశారు.

తెల్లారి మలక్‌పేట వెళ్లాను. తలుపు తీసింది వసంత వాళ్లమ్మ. రాత్రి వసంత ఎక్కడుందని అడిగితే వింతగా చూసింది. "ఎక్కడికెళ్తుంది బాబూ? జ్వరమొస్తే మాత్రేసి పడుకోబెట్టా. నేను పక్కనే ఉన్నా" అని వంటింట్లోకి వెళ్లింది.

వసంత మెడకి కట్టుతో కుర్చీలో కూర్చుని ఉంది. ప్రోగ్రాం నాదైందని ముందు చెప్పాను, తర్వాత మిగతాదంతా చెప్పాను. ఆమె నవ్వింది. ఏడిస్తే బాగుండేది, నవ్వింది. పక్కనున్న స్టీలు గ్లాసు అందుకుంది. గోరుతో కొట్టింది.

టక్... టక్.

ఆమె పెదవులు కదల్లేదు. నా చెవులకు హెడ్‌ఫోన్స్ లేవు. అయినా... స్పష్టంగా... "ఇవాళ ఏం తిన్నారండీ?"

"ఏమీ తినలేదు" అన్నాను. నిజమే, రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

వాళ్లమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఎవరడిగారు బాబూ?" అంది.

ఎవరడిగారో నాకు ఇప్పటికీ తెలీదు. నా కుళ్లే ఆమె గొంతుతో పలికిందేమో. మరి లక్ష్మీబాయికి వినపడింది ఎవరి గొంతు? వసంత గొంతు తర్వాత తిరిగొచ్చింది, కానీ తను టీవీకి రాలేదు. బస్తీల్లో క్యాంపులే చేసుకుంది. ప్రోగ్రాం చాలా ఏళ్లు నేనే చేశాను. నేనూ గోరుతో మైకు తట్టి అదే అడుగుతాను. ఎవరైనా "తిన్నం సార్" అంటారు, అంతే. ఆ ముసలామె చెప్పినట్టు నాకు ఒక్కరూ చెప్పలేదు. అది తలుచుకుంటే... భయం కాదు, ఇప్పటికీ మంటే.