అటక మీది జాకెట్టు ముక్కలు

ఉదయలక్ష్మి అటక మీద ఆరు పెట్టెలున్నాయి. వాటిలో వెండి సామాను ఉందనుకునేరు! జాకెట్టు ముక్కలు. అచ్చంగా జాకెట్టు ముక్కలే. పేరంటానికి వెళ్తే బొట్టు పెట్టి, రెండు తమలపాకులు, వక్క, అరటిపండుతో పాటు చేతిలో పెడతారే, అవే. ఇరవై ఏళ్ళ పేరంటాలు మడతలు పడి, కలరా ఉండల వాసన కొడుతూ, పంజాగుట్టలోని ఆ రెండు గదుల ఫ్లాటు నెత్తినెక్కి కూర్చున్నాయి.

అన్నెందుకు దాచడం, కుట్టించుకోవచ్చుగా అంటారా? అయితే మీరు మగవాళ్ళయ్యుంటారు. పేరంటంలో వచ్చిన ముక్కలన్నీ కుట్టించుకోవడానికి కాదండీ. పదింటిలో ఒకటి కుట్టించుకునేది. మిగతా తొమ్మిదీ ఇంకో ఇంటికి వెళ్ళాల్సినవి. అక్కణ్ణుంచి మరో ఇంటికి. అలా ఊరంతా తిరుగుతుంటాయి. చిక్కల్లా ఒక్కటే. ఎవరిచ్చిన ముక్క వాళ్ళకే తిరిగి ఇచ్చామా, అయిపోయింది, ఇక ఆ ఇంటి కాఫీ మనకు పుట్టదు. ఎంతమంది స్నేహాలు ఇలా తెల్లారాయో నేను చెప్పలేను.

ఉదయలక్ష్మి మాత్రం ఆ పొరపాటు ఒక్కసారీ చెయ్యలేదు. ప్రతి ముక్కకీ గుండుసూదితో ఓ చీటీ గుచ్చి ఉండేది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఏ సంవత్సరం. ‘నాగేశ్వరి అక్కయ్య, గృహప్రవేశం, 1993.’ చీటీలు రాసేది భర్త చక్రపాణి గారు. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా, గుండ్రటి చేతిరాత. ఆవిడ స్టూలెక్కి ముక్కలు సర్దుతుంటే కింద స్టూలు పట్టుకుని, “ఏమోయ్, మనకి ఇల్లు అద్దెకిచ్చారా, గోడౌనా?” అనేవారు. అంటూనే తర్వాతి చీటీ రాసేవారు.

వాళ్ళు తణుకు నుంచి అమీర్‌పేట వచ్చింది ఎనభై ఆరులో. గురుద్వారా వెనక సందులో, ఒకే వాకిలి చుట్టూ నాలుగు వాటాలున్న ఇంట్లో అద్దెకి దిగారు. ఊరు కొత్త, భాష కూడా సగం కొత్త. శ్రావణమాసంలో ఎవరో పిలిచి నానబోసిన శనగలూ, ఓ జాకెట్టు ముక్కా ఇచ్చేసరికి, హమ్మయ్య, ఇక్కడా మనుషులున్నారనుకుని ఉదయలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఆ ముక్క ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. కుట్టించుకోనూ లేదు.

తర్వాత అమీర్‌పేటకి కంప్యూటర్లొచ్చాయి. ఇళ్ళ గోడలు కనబడకుండా జావా, ఒరాకిల్ బోర్డులు పడ్డాయి. పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, ఉద్యోగాలకు లోన్లొచ్చాయి, లోన్లకు ఫ్లాట్లొచ్చాయి. ఫ్లాట్లొస్తే గృహప్రవేశాలు రావూ! మాఘమాసంలో ఒక్కో ఆదివారం మూడేసి. పొద్దున్న కూకట్‌పల్లి, పదింటికి నిజాంపేట, భోజనం వేళకి మియాపూర్. మైత్రీవనం దగ్గర షేర్ ఆటో ఎక్కి, పట్టుచీర నలక్కుండా ఒళ్ళో బ్యాగు పెట్టుకుని ఉదయలక్ష్మి అన్నిటికీ హాజరు. సాయంత్రానికి ఆ బ్యాగు నిండేది. అబ్బో, ఏం రోజులవి!

రెండు వేల నాలుగులో చక్రపాణి గారు పోయారు. సోమాజిగూడ ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు, పన్నెండో రోజు లేరు.

ఆ తర్వాత ఆవిడకి ఒక్క ముక్క కూడా రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదుగా, ఆ పద్ధతి ఆవిడకీ తెలుసు. భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టరు, ఆ చేత్తో ఇస్తే పుచ్చుకోరు. శ్రావణ శుక్రవారం అపార్ట్‌మెంటు మెట్ల మీద గాజుల చప్పుడు వినబడగానే, వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకుండా ఆవిడే తలుపు దగ్గరగా వేసేసుకునేది. వేసి వంటింట్లోకి వెళ్ళి ఏదో ఒక గిన్నె తోముతూ నిలబడేది.

ఇలా ఉండగా, రెండు వేల ఆరు శ్రావణంలో కొడుకు వంశీధర్ మియాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు. తల్లీ, కొడుకూ, కోడలూ అందరూ అక్కడికే. కోడలు భావన మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, మనిషి మంచిది, మాట సూటి.

“అత్తయ్యా, కొత్త ఫ్లాట్లో అటకల్లేవు. ఈ ఆరు పెట్టెలూ ఎక్కడ పెడదాం?” అని అడిగింది.

ఉదయలక్ష్మి ఫ్యాను వైపు చూసింది. భావనే ఉపాయం చెప్పింది. గృహప్రవేశానికి ఎలాగూ నూటయాభై మంది ఆడవాళ్ళొస్తారు, మనిషికి రెండేసి ఇచ్చేద్దాం, పెట్టెలు ఖాళీ అవుతాయి అని. బాగానే ఉందనిపించింది. ఇంతలో చక్రపాణి గారి అక్క నాగేశ్వరి గారు వంశీధర్‌కి ఫోన్ చేసి ఏర్పాట్లన్నీ అడిగి, చివర్న అన్నారు: “తాంబూలాలు భావన చేత ఇప్పించు. ఉదయని లోపలి గదిలో కూర్చోమను. పాపం, దానికీ తెలుసనుకో.”

“ఇదేం పద్ధతి అత్తయ్యా? ముక్కలన్నీ మీవి, మీరు లోపల కూర్చోవడమేంటి?” అని భావన మండిపడింది.

“వదినగారు అన్నదాంట్లో తప్పేముందమ్మా, ఎప్పుడూ జరిగేదే” అంది ఉదయలక్ష్మి. పైకి అలా అందే గానీ, ఆ మాట ముల్లులా దిగింది. ఇరవై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి పోగేసిన ముక్కలు సొంత కొడుకింట్లో పంచుతుంటే తను తలుపు చాటున కూర్చోవాలి. అన్నీ అక్కర్లేదు, ఒక్కటంటే ఒక్క ముక్క తన చేత్తో ఒక మనిషి చేతిలో పెట్టాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. ఆ మాట ఎవరితో అంటుంది?

మర్నాడు పెట్టెలు కిందికి దించారు. పనిమనిషి వజ్రమ్మ బోరబండ నుంచి వస్తుంది, పన్నెండేళ్ళుగా ఈ ఇంటి మనిషే. పెట్టె మూత తియ్యగానే ఆవిడ బుగ్గ మీద వేలేసుకుంది.

“ఏందమ్మా గిన్ని ముక్కలు! బట్టల దుకాణం పెడ్తవా ఏంది?”

ఇద్దరూ కింద కూర్చుని చీటీలు ఊడదీయడం మొదలుపెట్టారు. గుండుసూదులు తుప్పు పట్టి కొన్ని ముక్కలకి మచ్చలు పడ్డాయి. ఒక్కో చీటీ చదవడం, ఆగిపోవడం. “ఇది రాంమోహనరావు గారి భార్య ఇచ్చింది వజ్రమ్మా. వాళ్ళింట్లో పులిహోర తినాలి, అబ్బ!” “ఇది నోముకి వెళ్తే ఇచ్చారు. ఆ రోజు వాన, సత్యం థియేటర్ దగ్గర మోకాలి లోతు నీళ్ళు. మీ అయ్యగారు చెప్పులు చేత్తో పట్టుకుని నన్ను రోడ్డు దాటించారు.” ఇలా అయితే పని ఎప్పటికి తెముల్తుంది? మధ్యాహ్నానికి ఒక్క పెట్టె కూడా పూర్తవలేదు. వజ్రమ్మ మాత్రం విసుక్కోకుండా వింది.

మూడో రోజు నాలుగో పెట్టె అడుగున గోరింటాకు రంగు ముక్క ఒకటి వచ్చింది. చీటీ మీద ‘వసుమతి, వరలక్ష్మీ వ్రతం, 1995’ అని ఉంది. ఉదయలక్ష్మి ఆ చీటీ ఊడదీయలేదు. ముక్కని ఒళ్ళో పెట్టుకుంది.

వసుమతిది గురుద్వారా వెనక ఇంట్లో పక్క వాటా. గుడివాడ మనిషి. తొమ్మిదేళ్ళు ఇద్దరికీ మధ్య ఒక గోడ, గోడకి ఇటూ అటూ ఒకటే కబుర్లు. తొంభై ఆరు వేసవిలో వసుమతి భర్త హఠాత్తుగా పోయారు. ఆ శ్రావణంలో ఉదయలక్ష్మి వ్రతం చేసుకుని, పళ్ళెం పట్టుకుని వాటాలన్నిటికీ తాంబూలాలివ్వడానికి బయల్దేరింది. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు. వసుమతి తన గుమ్మంలో నిలబడి ఉంది. ఉదయలక్ష్మి తల దించుకుని ఆ గుమ్మం దాటి పక్క వాటాకి వెళ్ళిపోయింది. వెనక తలుపు దగ్గరగా వేసుకున్న చప్పుడు వినబడింది. మెల్లగానే వేసుకుంది వసుమతి. ఆ తర్వాత మాటలు తగ్గాయి, వీళ్ళు పంజాగుట్టకి మారిపోయారు, అంతే.

ఆ చప్పుడేమిటో ఇన్నాళ్ళూ ఆవిడకి తెలియలేదు. ఈ రెండేళ్ళుగా తన తలుపు తనే వేసుకుంటున్నాక తెలిసింది. “ఎంత పాపం చేశాను వజ్రమ్మా!” అని ఆ ముక్కలో మొహం పెట్టుకుని ఏడ్చేసింది.

వజ్రమ్మకి కథంతా చెప్పాక, ఆవిడ తాపీగా అంది: “గా వసుమతమ్మనా? ఏడికో పోలేదు, అమీర్‌పేటలనే ఉన్నది. సత్యం టాకీసు ఎన్క ఆడపిల్లల హాస్టల్ నడిపిస్తున్నది. మా చెల్లె ఆడనే రొట్టెలు చేస్తది. ఫికర్ చేస్తే ఏమొస్తదమ్మా, పొయ్యి కలువు.”

మంచి ముక్క ఒకటి ఏరి సంచీలో పెట్టుకుని, ఆ సాయంత్రమే ఉదయలక్ష్మి ఆటో ఎక్కింది. మూడంతస్తుల హాస్టలు. భుజాన బ్యాగులతో, చేతుల్లో స్పైరల్ బైండింగ్ పుస్తకాలతో ఆడపిల్లలు వస్తున్నారు, పోతున్నారు. కింద వరండాలో జుట్టంతా నెరిసిన వసుమతి చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“ఉదయా! నువ్వేనా? ఏమే, దారి తప్పి వచ్చావా?”

ఉదయలక్ష్మి పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది. చక్రపాణి గారి సంగతి వసుమతికి తెలుసు. పిల్లల సంగతులయ్యాయి, మోకాళ్ళ నొప్పులయ్యాయి. ఇక చెప్పకపోతే చెప్పలేనని ఉదయలక్ష్మి నోరు విప్పింది.

“ఆ రోజు నీ గుమ్మం దాటి వెళ్ళిపోయాను వసూ.”

“తెలుసు. నేనక్కడే ఉన్నానుగా.”

ఉదయలక్ష్మి సంచీలోంచి ముక్క తీసింది. “ఇది తీసుకో. నా మీద కోపం పెట్టుకోకు.”

వసుమతి చేతులు చిక్కుడుకాయల్లోంచి కదల్లేదు. “కోపం ఎప్పుడో పోయిందే. కానీ ఇలా తీసుకోను. ఆ రోజు నలుగురూ చూస్తుండగా దాటి వెళ్ళావు. ఇవాళ ఎవరూ లేకుండా చూసి, సంచీలోంచి తీసి ఇస్తావా? ఇచ్చేదుంటే నలుగురిలో ఇయ్యి. లేదంటే కాఫీ తాగి వెళ్ళు.”

“ఇప్పుడు నేను ఇవ్వకూడదు వసూ.”

“నేను పుచ్చుకోకూడదు. ఇద్దరికిద్దరం సరిపోయాం” అంది వసుమతి.

కాఫీ సగంలోనే వదిలేసింది. లేచి వస్తూ, ఆదివారం వంశీ గృహప్రవేశానికి రమ్మని మాత్రం చెప్పింది. “చూస్తాలే” అంది వసుమతి.

ఆదివారం మియాపూర్ ఫ్లాట్లో సత్యనారాయణ వ్రతం అయింది. ఉదయలక్ష్మి లోపలి గదిలో, ఇంకా విప్పని పరుపుల మీద కూర్చుంది. తలుపు సందులోంచి హాలు కనబడుతోంది. వరసగా కుర్చీల్లో ఆడవాళ్ళు. భావన బొట్టు పెడుతోంది, నాగేశ్వరి గారు ముక్కల పళ్ళెం పట్టుకుని వెంట నడుస్తున్నారు. ఐదో కుర్చీలో ఇస్త్రీ చేసిన నేత చీరలో వసుమతి. నిజంగానే వచ్చింది! ఉదయలక్ష్మి తలుపు సందుకి దగ్గరగా జరిగింది.

భావన ఐదో కుర్చీ దగ్గరికి వచ్చింది. నాగేశ్వరి గారు వసుమతి బోసి నుదురు చూసి, కోడలి మోచెయ్యి పట్టుకుని, “ముందుకు పదమ్మా” అన్నారు. భావన కదల్లేదు. వసుమతే వాళ్ళకి దారివ్వడానికి కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకుంది.

ఆ ముడుచుకున్న కాళ్ళు చూశాక ఉదయలక్ష్మి ఇక కూర్చోలేకపోయింది. లేచి హాల్లోకి వచ్చింది. “ఇలా ఇవ్వండి వదినగారూ” అని పళ్ళెం అందుకుంది.

“ఉదయా! శుభమా అంటూ కొత్తింట్లో ఇదేం పని?” నాగేశ్వరి గారి గొంతు లేచింది.

“ఈ ముక్కలు నావండీ. చెయ్యి కూడా నాదే” అంది ఉదయలక్ష్మి.

భావన మారు మాట్లాడకుండా కుంకుమ భరిణె అత్తగారి ముందు పట్టింది. రెండేళ్ళయింది ఆ వేలికి కుంకుమ అంటి. వసుమతి నుదుట బొట్టు పెట్టి, తమలపాకులూ పండూ ముక్కా ఆవిడ రెండు చేతుల్లో పెట్టింది.

వసుమతి కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. కొంగుతో తుడుచుకుని, ముక్క మడత విప్పి, భుజం మీదుగా పరిచి చూసుకుంది. తర్వాత హాలంతా వినబడేలా అంది: “ఏమే ఉదయా, పదేళ్ళకి ఇచ్చి ఇదేనా? ఈ ముక్క పన్నా నా జాకెట్టు ఒక్క చేతికి కూడా చాలదు. ఇంకోటి తే!”

ముందు భావన నవ్వింది. తర్వాత కుర్చీల్లో ఆడవాళ్ళు నవ్వారు, ఈ బాధ పడనిదెవరు గనక! నాగేశ్వరి గారు మాత్రం మూతి ముడుచుకుని బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు. వంటింటి గుమ్మంలో గిన్నెలు కడుగుతున్న చెయ్యి చీరకి తుడుచుకుంటూ వజ్రమ్మ అడిగింది: “అమ్మా, నా పెనిమిటి సాయిలు పోయి తొమ్మిదేండ్లాయె. నాకు సుత పెడ్తవా బొట్టు?”

పన్నెండేళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న మనిషి. ఉదయలక్ష్మి భావన చేతిలోని కుంకుమ భరిణె అందుకుంది. “రా వజ్రమ్మా, ఇలా నా ముందుకొచ్చి నిలబడు” అంది. ఆవిడకి బొట్టు పెట్టి, రెండు ముక్కలు చేతిలో పెట్టి, ఆరో కుర్చీ వైపు తిరిగింది. ఆరో కుర్చీలో ఆవిడ ఓసారి బాల్కనీ వైపు చూసి, కుర్చీలోంచి లేచి కొంగు పట్టింది.

పెట్టెలన్నీ ఖాళీ అయ్యేదాకా ఉదయలక్ష్మి కూర్చోలేదు.