ఫ్లింట్‌కి ఇల్లు వెతికినప్పుడు

క్యాంపులో దిగిన రోజు సన్నగా వాన, ఈదురుగాలి. భుజాన కిట్‌బ్యాగు, కుడి మోకాలికి పట్టీ. గేటు దాటగానే కుక్కల అరుపులు చెవులు గింగుర్లెత్తించాయి. రెండు వరసలుగా కెన్నెళ్లనే కుక్కల గదులు, మధ్యలో సిమెంటు దారి, ఎటు చూసినా ఫినాయిల్ వాసన. చుట్టూ చదునైన పొలాలు. జనవరి నెల ఇంగ్లండు నడిమిభాగం మిడ్లాండ్స్‌లో ఆకాశం నెత్తిమీదే ఉన్నట్టుంటుంది.

మాది విజయనగరం జిల్లా. మాస్టర్స్ చదవడానికి మాంచెస్టర్ వెళ్లి, చదువయ్యాక బ్రిటిష్ సైన్యంలో చేరాను. కాపలా కుక్కల్ని నడిపే హ్యాండ్లర్‌గా పనిచేశాను. మోకాలు దెబ్బతిన్నాక, సర్వీసు ముగిసేలోగా ఆ క్యాంపుకి వేశారు. రిటైరైన కుక్కలకు ఇళ్లు చూడడం పని. దత్తత తీసుకుంటామని వచ్చేవాళ్లు తగినవాళ్లో కాదో తేల్చాలి.

ఫోన్లో చెబితే ఊళ్లో స్నేహితులు నవ్వారు. "కుక్కలకి సంబంధాలు చూస్తున్నావేటి?" అన్నారు. నేనూ నవ్వాను.

కెన్నెళ్ల సార్జెంటు మొదటి రోజే ఆర్డరు ఇచ్చాడు.

"కుక్క సంగతి నేను చూసుకుంటాను. మీరు మనుషుల్ని చూడండి. ఇంట్లో ప్రతి ఒక్కరూ కుక్కను కలవాలి. ఎవరు కలవకపోయినా కుక్క ఇక్కణ్నుంచి కదలదు."

మా బృందంలో ముగ్గురం. నేను, కార్పొరల్, డ్రైవరు. కార్పొరల్‌ది యార్క్‌షైర్, నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. డ్రైవరు ఫిజీవాడు. ఆరడుగుల పైన ఎత్తు, గొంతు మాత్రం బహు మెత్తన. కుక్కలు నా మాటకంటే అతని మాటే ముందు వినేవి.

ఆ చలికాలం మా చేతిలో ఉన్న కుక్క ఫ్లింట్. జర్మన్ షెపర్డ్. మూతి దగ్గర నెరిసింది. కాపలా ఉద్యోగంలో మనుషుల మీదికి దూకడం నేర్చుకుంది. ఆ అలవాటు మాన్పించడానికి వారాల తరబడి పనిచేశాం. చివరికి బంతి విసిరితే తెచ్చి కాళ్ల దగ్గర పెట్టి, తోక ఊపుతూ నిలబడే స్థితికి వచ్చింది.

దాని కోసం కోవెంట్రీ నుంచి ఒకాయన వచ్చాడు. మన తెలుగాయనే. కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. షెపర్డ్ కుక్కల గురించి ఆయన చదవనిది లేదు. ఏం పెట్టాలి, ఎంత దూరం నడిపించాలి, వయసు మీద పడితే తుంటి ఎముక ఎలా అరుగుతుంది, అన్నీ చెప్పాడు. ఫ్లింట్ ఫొటోలు తీసుకున్నాడు.

"మనవాళ్లు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది బ్రదర్," అని నా చెయ్యి పట్టుకున్నాడు.

"మేడమ్ రాలేదా సార్?" అన్నాను.

"ఆవిడకి కుక్కలంటే భయం. మెల్లగా అలవాటు చేస్తాను."

వెళ్లేముందు ఇంగ్లీషులో ఒక మాట అడిగాడు. "బయటినుంచి వచ్చేవాళ్లనే ఆపుతుందా, లోపల్నుంచి వెళ్లేవాళ్లని కూడా ఆపుతుందా?"

కార్పొరల్ అతని వైపు చూసింది. "ఇప్పుడు ఎవరినీ ఆపదు. ఎందుకలా అడిగారు?"

"పిల్లలు చూడకుండా రోడ్డు మీదికి పోతుంటారు కదా, అందుకని," అని నవ్వాడు.

రెండు వారాల తర్వాత కోవెంట్రీ బయల్దేరాం. వ్యాన్ వెనక బోనులో ఫ్లింట్. వైపర్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. హైవే మీద ఉండగా కార్పొరల్ కాగితాలు తిరగేసి నన్నడిగింది.

"వాళ్లకి పిల్లలెంతమంది?"

"లేరు. ఇద్దరే."

ఆమె కాగితాలు మూసి కిటికీలోంచి బయటకు చూసింది.

ఉదయం పది దాటాక చేరాం. వరసగా ఒకేలాంటి ఇటుక ఇళ్లు, ముందు చిన్న చిన్న తోటలు. డ్రైవరు కుక్కతో వ్యాన్ దగ్గరే ఉన్నాడు. ముందు మనుషుల్ని చూసి, కుక్కను తర్వాత పిలవడం మా పద్ధతి. ఆయన నవ్వుతూ తలుపు తీశాడు. మేం లోపలికి రాగానే తాళం వేసి, తాళంచెవి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. బూట్లు విప్పుతూ తల పైకెత్తాను. తలుపు లోపలివైపు ఫ్లింట్ ఫొటో అంటించి ఉంది. గోడ క్యాలెండరంత పెద్దది. నోరు తెరిచి, పళ్లు కనిపించేలా ఉన్న ఫొటో.

ఎంత ముచ్చటపడుతున్నాడో అనుకున్నాను.

ఇల్లు అద్దంలా ఉంది. కుక్కకి కొత్త పరుపు, కొత్త గిన్నెలు. ఆయన భార్య టీ తెచ్చింది. ముప్పై లోపే వయసు. లేత నీలం చుడీదారు, జడ బిగించి వేసుకుంది. కప్పులు పెట్టి వెళ్లిపోతుంటే కార్పొరల్ పలకరించింది.

"కుక్క రావడం మీకు ఇష్టమేనా?"

"తనకి ఇంగ్లీషు అంతగా రాదు. ఇష్టమే," అని ఆయనే జవాబిచ్చాడు.

కార్పొరల్ లేచి, పెరట్లో కంచె చూపించమంది. వెళ్తూ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకర్థమైంది. ఇద్దరూ పెరట్లోకి వెళ్లారు. నేను కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్లాను.

"అక్కా, మీదే ఊరు?" అన్నాను.

ఆమె పెరటి కిటికీ వైపు చూసింది. తర్వాత గబగబా, గొంతు తగ్గించి అంది.

"తమ్ముడూ, నీకు దండం పెడతాను. దాన్ని ఇక్కడ ఒగ్గీకండి."

ఒగ్గీకండి. వదిలేయకండి అనడానికి మా అమ్మ అనే మాట. ఇన్నేళ్లుగా ఆ దేశంలో ఒక్కరి నోటా నేను వినని మాట.

"కుక్కంటే భయమా అక్కా?"

"గడప దాటితే కాలు పీకేస్తాదట. అందుకే తెస్తన్నాడు. ఆఫీసుకెళ్తే తాళం ఏసుకెళ్తాడు. ఓపాలి కిటికీలోంచి పక్కింటోళ్లని పిలిచాను. అప్పట్నుంచి కిటికీలకీ తాళాలే. ఇప్పుడు ఇది." తలుపు మీద ఫొటో వైపు చెయ్యి చూపించింది. "పొద్దున్న లేవగానే దాని ముందు నిలబెట్టి చూడమంటాడు."

చేతిలో కప్పు కింద పెట్టాను. ఆ ఫొటో తీస్తున్నప్పుడు నవ్వమంటూ ఫ్లింట్‌కి బిస్కెట్టు చూపించింది నేనే.

"ఇప్పుడు మాతో వచ్చేస్తారా?"

"తాళం?"

"తీయిస్తాను. తలుపు తెరవగానే నడిచేయండి. వెనక్కి చూడకండి."

ఆమె పొయ్యి కట్టేసింది. చున్నీ సర్దుకుంది. నా వెనకే నడవలోకి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది.

నేను నడుముకున్న వాకీటాకీ నొక్కాను. "కుక్కని తలుపు దగ్గరికి తీసుకురా."

"వస్తున్నా," అన్నాడు డ్రైవరు.

పెరటి తలుపు దగ్గర నిలబడి పిలిచాను. "సార్, ఫ్లింట్ వచ్చేసింది. తలుపు తీస్తారా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. పెళ్లివారు వచ్చినంత హడావుడిగా వచ్చి తాళం తీశాడు. తలుపు తెరుచుకుంది. వాన చప్పుడు, చల్లగాలి, గుమ్మంలో ఫ్లింట్. తోక ఊపుతోంది.

"ఆమె మనతో వస్తోంది, కార్పొరల్," అన్నాను ఇంగ్లీషులో.

వెనకే లోపలికి వచ్చిన కార్పొరల్ వెంటనే ఆయనకూ ఆమెకూ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"రండి అక్కా."

ఆమె రెండడుగులు వేసి బిగుసుకుపోయింది. ఇన్నాళ్లూ కాగితం మీద చూసిన పళ్లు ఇప్పుడు ఎదురుగా ఉన్నాయి.

"ఫ్లింట్, డౌన్!" అన్నాను.

అది గడపకి అడ్డంగా పడుకుంది. గడ్డం నేలకి ఆనించింది.

ఆయన అరవలేదు. అది నన్ను ఇప్పటికీ వణికిస్తుంది. ఆఫీసులో పని చెప్పినట్టు, నెమ్మదిగా, వేలు చూపించి అన్నాడు.

"ఫ్లింట్. గెట్ హర్."

మీద పడి పట్టుకోమని ఒకప్పుడు దానికి నేర్పిన ఆజ్ఞే అది. ఎక్కడ చదివాడో. ఫ్లింట్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. తల ఎత్తింది. ఆయన వేలు చూసింది. తర్వాత నన్ను చూసింది. డ్రైవరు తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

"స్టే," అన్నాను.

ఫ్లింట్ తల మళ్లీ కిందికి దించింది.

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. చుడీదారు అంచు ఎత్తి పట్టుకుని, చెప్పుల్లేని కాలు కుక్క వీపు మీదుగా అవతల పెట్టింది. రెండోకాలు తీస్తుంటే ఫ్లింట్ మెడ తిప్పి ఆమె మడమ వాసన చూసింది. అంతే. ఆమె బయటపడింది.

"ఇది మా ఇంటి విషయం," అంటున్నాడు ఆయన.

"మీరు లోపలే ఉండండి సర్," అంది కార్పొరల్. అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. పోలీసులు త్వరగానే వచ్చారు. ఆయన్ని వాళ్ల కారులో ఎక్కించారు. ఆమెను ఆడవాళ్ల ఆశ్రయానికి తీసుకెళ్లారు. అంతకుముందు, తెలుగు తెలిసిన మహిళా అధికారి వచ్చేదాకా ఆమె మాట నేనే ఇంగ్లీషులో చెప్పాను.

క్యాంపు గేటు దగ్గర బండి ఆగాక డ్రైవరు అన్నాడు, "వాడు దానికోసం పరుపు కూడా కొన్నాడు కదా."

ఆ వసంతంలో ఫ్లింట్ ఒక రిటైర్డ్ నర్సు ఇంటికి వెళ్లింది. ఆమె, ఆమె చెల్లెలు ఇద్దరూ కెన్నెల్‌కి వచ్చారు. నేను చెల్లెలితోనే ఎక్కువసేపు మాట్లాడాను. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, మాట్లాడని మనిషెవరో ముందు వెతికేవాణ్ని. వేసవిలో నా సర్వీసు అయిపోయింది. యూనిఫామ్ అప్పగించి మా ఊరికి వచ్చేశాను. ఆమె కేసు నడిచిందనీ, లండన్‌లో ఏదో పనిలో చేరిందనీ కార్పొరల్ ఒకసారి ఫోన్లో చెప్పింది.

ఊళ్లో అందరూ సరిహద్దుల గురించి అడుగుతారు. తుపాకుల గురించి అడుగుతారు. నాకు మాత్రం కళ్లు మూస్తే కోవెంట్రీలో ఆ వీధే కనిపిస్తుంది. వానలో తడుస్తూ, ఒట్టి కాళ్లతో, ఆమె పేవ్‌మెంటు మీద నిలబడి ఉంది. ఏడాది పైగా కాపురమున్న వీధి అది. ఎటు వెళితే ఎక్కడికి చేరుతుందో తెలియక, ఒకసారి ఎడమకీ, ఒకసారి కుడికీ చూస్తోంది.